మండువా ఇంట్లో కొత్త కాపురం

రాజమండ్రిలో మా తాతగారి మండువా ఇంటికి అటూ ఇటూ పక్కిళ్ల గోడలు ఆనుకుని ఉంటాయి. వెలుతురంతా మండువాలోంచే, అంటే ఇంటి నడుమ పైకప్పు లేకుండా వదిలిన చోటులోంచే రావాలి. ఆ ఇల్లు బాగుచేయించి మూడేళ్లయింది. మీకూ అలాంటి ఇల్లుంటే రంగులు, సోఫాలు తర్వాత. ముందు గోడల సంగతి చూడండి.

గానుగ సున్నంతో, అంటే గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నంతో కట్టిన గోడ చెమ్మను పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోతుంది. మా పడమటి గదికి మేస్త్రి నాకు చెప్పకుండా సిమెంటు పూసేశాడు. ఒక్క వానాకాలానికే అడుగున మూరెడెత్తున పూత ఉబ్బింది. వేలితో తడితే డొల్ల చప్పుడు, నొక్కితే తెల్లటి ఉప్పు పొడి రాలింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అదంతా కొట్టించి, ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుకతో మళ్లీ పూయించాను. సున్నం కనీసం రెండు వారాలు నీళ్లలో నానాలి. పూశాక కొన్నాళ్లు రోజూ నీళ్లు చల్లి తడి ఆరకుండా చూడాలి. పైన ప్లాస్టిక్ పెయింట్ వద్దు. పల్చగా మూడు పూతలు సున్నమే వేయించండి.

వైరింగ్ కోసం ఆ గోడలు చెక్కనివ్వకండి. మేం నల్లటి ఇనుప పైపుల్లో వైర్లు వేసి దూలాల పక్కగా నడిపించాం. అవి కొత్తవని చూడగానే తెలుస్తుంది, తెలియాలి కూడా. దీపం గూళ్లలో చిన్న ఎల్ఈడీలు పెట్టాం. ఒక గూటికి మాత్రం సున్నం వేయనివ్వలేదు: నాయనమ్మ పెట్టిన ప్రమిద మసి దాని పైకప్పుకి ఇంకా ఉంది.

మాడ్యులర్ కిచెన్‌ని గోడకి బిగించకుండా కాళ్లమీద నిలబెట్టి, వెనక రెండంగుళాల సందు వదిలాం. బాత్‌రూమ్ పెరటివైపు విడిగా కట్టించాం.

టేకు తలుపుల మీది పాత ఎనామిల్ గీకేటప్పుడు మాస్కు తప్పనిసరి, అందులో సీసం ఉండొచ్చు. పొడి లేవకుండా తడిపి గీకించండి. తర్వాత అవిసె నూనె పట్టిస్తే చాలు.

మండువా పైన గాజు వేయించుకుంటే చూరు కంటే అడుగున్నర ఎత్తులో, పగిలినా ముక్కలు కింద రాలని లామినేటెడ్ గాజే వేయించండి. చుట్టూ మాత్రం మూయించకండి. మూస్తే రోహిణి కార్తెలో ఇల్లంతా ఉడికిపోతుంది.