పక్షుల ఫొటోలు తీద్దాం – 6: కొంగకి మైనస్ ఎప్పుడు, ప్లస్ ఎప్పుడు

పోయిన పాఠంలో చెరువులో నిలబడ్డ తెల్ల కొంగకి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కగట్టిన వెలుగుని మనం పెంచే, తగ్గించే అమరిక) మైనస్ 1 పెట్టమన్నాను. చాలామంది దాన్ని ‘తెల్ల పక్షి అయితే మైనస్’ అని గుర్తు పెట్టుకున్నారు. మీరు పంపిన ఫొటోల్లో నీళ్ళలో ఉన్న కొంగలు చక్కగా వచ్చాయి, ఆకాశంలో ఎగిరేవి మాత్రం మసిగుడ్డల్లా ఉన్నాయి. ఫోకస్ సంగతి వచ్చే పాఠంలో చూద్దాం. ముందు ఇది తేలాలి.

ఫ్రేమ్‌లో ఉన్నది కొంగో కాకో కెమెరాలో వెలుగు కొలిచే మీటర్‌కి పట్టదు. మొత్తం వెలుగు చూసి, మధ్యస్థమైన బూడిద రంగు దగ్గరికి తేవాలని చూస్తుంది. వెనక నీడపట్టు నీళ్ళే ఎక్కువుంటే వెలుగు పెంచుతుంది, కొంగ ఈకల గీతలు చెరిగిపోయి ఉత్త తెలుపు మిగులుతుంది. అక్కడ మైనస్. అదే కొంగ లేచి మబ్బు పట్టిన ఆకాశం ముందుకొస్తే వెలుగు తగ్గిస్తుంది. అక్కడ ప్లస్ 1, ఒక్కోసారి ఒకటిన్నర. కొమ్మ మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకి వెనక ఆకాశం ఉన్నా ప్లస్సే. గోరింక చెట్టు ఆకుల మధ్య ఉంటే ఏమీ పెట్టక్కర్లేదు.

అయితే నీళ్ళ మీంచి ఆకాశంలోకి లేచేటప్పుడు కొంగ మీద పడే ఎండ మారలేదు, వెనక ఉన్నదే మారింది. అందుకే ఎండ నిలకడగా ఉంటే నేను కాంపెన్సేషన్ జోలికే పోను, పూర్తి మాన్యువల్‌లో, అంటే షటర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం), అపర్చర్ (లెన్స్ కన్నం వెడల్పు), ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా స్పందన) మూడూ నేనే బిగించి తీస్తాను.

‘మాన్యువల్‌లోనే తీశాం, అయినా మారింది’ అని కొందరు రాశారు. వాళ్ళ కెమెరాల్లో ఐఎస్‌ఓ ఆటోలో ఉంది! షటర్, అపర్చర్ మీరు బిగించినా, ఐఎస్‌ఓ ఆటోలో ఉంటే వెనక ఆకాశం రాగానే కెమెరా ఐఎస్‌ఓ తగ్గించేస్తుంది. అది మాన్యువల్ కాదు. మెనూలోకి వెళ్ళి ఐఎస్‌ఓ అంకె మీరే పెట్టండి. తర్వాత నీళ్ళ ముందు, ఆకాశం ముందు తీసిన రెండు ఫొటోల వివరాలు తెరిచి, మూడు అంకెలూ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చుకోండి.

ఎండ బాగా కాస్తూ సూర్యుడు మీ వీపు వెనకుంటే అపర్చర్ ఎఫ్/8, ఐఎస్‌ఓ 400, షటర్ 1/1600తో మొదలుపెట్టండి. తెల్ల పక్షికి 1/2500. పొద్దున్నే లేత ఎండలో ఐఎస్‌ఓ పెంచుకోవాలి. తీశాక తెరమీద తెలుపు మిణుకుమంటే, అక్కడ వెలుగు మరీ ఎక్కువైందని కెమెరా హెచ్చరిక; వెలుగు ఇంకొంచెం తగ్గించండి.

సాధనకి గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు నాకు చాలా ఇష్టం. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల మీద గూళ్ళు కడతాయి. గూళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి. తల్లి లేచిపోతే గుడ్లు కాకుల పాలవుతాయి.

అంత దూరం వెళ్ళలేనివాళ్ళు దండెం మీద తెల్ల తువ్వాలు ఆరేసి, చీకటి గుమ్మం ముందు ఒకటి, ఆకాశం ముందు ఒకటి తీయండి. ఆ తర్వాత ఒకే కొంగని నీళ్ళు, తుంగ, ఆకాశం మూడింటి ముందూ ఒకే అంకెలతో తీసి పంపండి. మూడింటిలోనూ మెడ ఈకలు విడివిడిగా కనిపించాలి. కంప్యూటర్‌లో వెలుగు సరిదిద్దినవి వద్దు.