ఇటాలిక్ ఎక్కడో తేడా కొడుతోందా? సమస్య - పరిష్కారం

ఒకసారి ఒక పుస్తకం టైటిల్ పేజీ అచ్చయి చేతికొచ్చాక గానీ నాకు తెలియలేదు, అందులో పడింది దొంగ ఇటాలిక్ అని, అంటే నిటారు అక్షరాన్నే కంప్యూటరు పక్కకి వంచి చేసినది. అంతకుముందు తెర మీద నాలుగుసార్లు చూశాను. అక్షరాలు వాలి ఉన్నాయా లేదా అనే చూశాను తప్ప, వాలినవి ఏ అక్షరాలో చూడలేదు. గారమండ్, కాస్లన్, బాస్కర్‌విల్ లాంటి పాతకాలపు సెరిఫ్ (గీతల కొసల్లో చిన్న అడ్డగీతలుండే) ఫాంట్లు వాడేవాళ్లకు ఇది తరచూ తగిలే దెబ్బ. అందుకే ముందు దాని సంగతి.

అక్షరాలు పక్కకి తోసినట్టున్నాయి

ఇంగ్లీషు చిన్న ‘ఏ’ని చూడండి. నిటారు రూపంలో దానికి పైన గొడుగు, కింద బొజ్జ ఉంటాయి. అసలు ఇటాలిక్‌లో గొడుగు ఉండదు, చేత్తో రాసినట్టు ఒకటే గుండ్రం. ‘ఎఫ్’ కాలు అక్షరాలు నిలబడే గీత కన్నా కిందికి దిగుతుంది. సెరిఫ్‌లు చదునుగా ఉండవు, కలం ఆనినచోట, లేచినచోట మిగిలే చిన్న కొక్కేల్లా ఉంటాయి. గొడుగుతో సహా ‘ఏ’ ఒరిగి కనిపిస్తే అది దొంగదే.

కారణం: ఆ ఫాంటుకు సంబంధించిన ఇటాలిక్ ఫైలు మీ కంప్యూటర్లో లేదు. మీరు ఐ బటన్ నొక్కగానే వర్డ్ లాంటి ప్రోగ్రాములు ఉన్న నిటారు అక్షరాన్నే వంచి చేతిలో పెడతాయి, ఒక్క మాట చెప్పవు. వంచడంతో గీతల మందం చెదురుతుంది, ‘ఓ’ లాంటి గుండ్రటి అక్షరం ఒక మూలకి సాగుతుంది. ఈ విషయంలో పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ నయం: ఫాంటు దొరకనిచోట గులాబీ రంగు పూసి చూపిస్తుంది.

అసలు ఇటాలిక్ పుట్టుకే వేరు. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మానుషియస్ రోమన్ కవి వర్జిల్ కావ్యాలను పూర్తిగా ఇటాలిక్‌లో అచ్చువేశాడు. ఆ అక్షరాలను చెక్కింది ఫ్రాంచెస్కో గ్రిఫో. పండితులు వేగంగా రాసుకునే చేతిరాతే దానికి ఒరవడి. విచిత్రమేమిటంటే అందులో పెద్దక్షరాలు నిటారుగానే నిలబడ్డాయి. వాలు తర్వాతి సంగతి, కలం నడకే ముందు. యంత్రం వంచిన అక్షరంలో లేనిది ఆ నడకే.

పరిష్కారం: ఇటాలిక్ ఫైలును విడిగా ఇన్‌స్టాల్ చేయండి. వెబ్‌సైటు అయితే సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్‌లో) దానికి వేరే ఫాంట్-ఫేస్ రాసి, అందులో ఫాంట్-స్టైల్ ఇటాలిక్ అని తప్పక పేర్కొనండి. అది మరిచిపోయి ఇటాలిక్ ఫైలుకు మరో పేరు పెట్టి వాడితే బ్రౌజరు దాన్ని మామూలు ఫాంటే అనుకుని మళ్లీ వంచుతుంది, అక్షరాలు బోర్లా పడబోతున్నట్టు తయారవుతాయి. ఫాంట్-సింథసిస్‌ను నన్ అని పెడితే దొంగ వాలు ఆగిపోయి, లోపం ఎక్కడుందో కంటికి కనబడుతుంది. అచ్చుకు పంపేముందు పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ఫాంట్ల జాబితా తెరవండి. ఇటాలిక్ పేరు అక్కడ లేకపోతే ఫైలు పంపకండి.

‘ఎఫ్’ తల బ్రాకెట్‌ను గుద్దుకుంటోంది

సీసపు అచ్చుల రోజుల్లో ఇటాలిక్ ‘ఎఫ్’ తల దిమ్మ అంచు దాటి బయటికి పొడుచుకొచ్చేది, పక్క దిమ్మ తగిలి విరిగేది కూడా. ఇప్పుడు విరగదు, గుద్దుకుంటుందంతే. ఇటాలిక్ ఒక ఫాంటు, దాని పక్కనున్న నిటారు బ్రాకెట్ మరో ఫాంటు. కెర్నింగ్ (అక్షరాల జంట మధ్య ఖాళీ సర్దే) పట్టికలు ఒక ఫాంటు లోపలే పనిచేస్తాయి, సరిహద్దు దాటవు.

బ్రాకెట్‌ను కూడా ఇటాలిక్ చేసేస్తే పోలేదా అంటారు కొందరు. నాకు నచ్చదు, లోపల ఏమున్నా బ్రాకెట్లు నిటారుగా ఉంటేనే పేజీకి అందం. మధ్యలో సన్నని హెయిర్ స్పేస్ వేయండి, లేదా ఆ జంటకు చేత్తో కెర్నింగ్ ఇవ్వండి. లేటెక్ (ఆదేశాలు రాసి పేజీ కూర్చే ప్రోగ్రాము) వాడేవాళ్లు పాత ‘ఐటీ’ ఆదేశం మాని ‘టెక్స్ట్ఐటీ’ వాడితే ఈ ఖాళీని అదే సర్దుతుంది.

ఇటాలిక్ మాటలు ఇరుగ్గా, పలచగా ఉన్నాయి

అది లోపం కాకపోవచ్చు. పాత ఇటాలిక్‌లు సహజంగానే సన్నవి. చిన్న సైజులో మాత్రం ట్రాకింగ్ (మాటలోని అక్షరాలన్నిటి మధ్య ఖాళీ) ఐదు నుంచి పది యూనిట్లు పెంచి చూడండి, అంతకు మించితే మాట విడిపోతుంది. దీనికి పూర్తిగా ఎదురుగా, సబాన్ ఇటాలిక్ కాస్త వెడల్పుగా ఉంటుంది. 1967లో వచ్చిన ఆ ఫాంటును యాన్ చికోల్డ్ సీసాన్ని వరుసలుగా పోతపోసే లైనోటైప్ యంత్రం మీద కూడా నడిచేలా గీశాడు. ఆ యంత్రంలో నిటారు అక్షరం, ఇటాలిక్ ఒకే అచ్చును పంచుకునేవి కాబట్టి రెండింటి వెడల్పూ ఒకటే కావాలి. దాన్ని ట్రాకింగ్‌తో బిగించకండి.

పేరా మొత్తం ఇటాలిక్, చదవలేకపోతున్నారు

పొడవాటి ఉల్లేఖనను నిటారు అక్షరంలోనే ఉంచి, రెండు వైపులా మార్జిన్ పెంచండి. ఇటాలిక్ వాక్యం లోపల మళ్లీ పుస్తకం పేరు వస్తే దాన్ని నిటారుగా తిప్పండి.

తోకల పెద్దక్షరాలతో శీర్షిక అర్థం కావడం లేదు

అక్షరాలకు తోకలు పెట్టే స్వాష్ ఫీచర్ మొత్తం శీర్షికకు ఆన్ అయి ఉంటుంది. మొదటి అక్షరానికే ఉంచి మిగతావాటికి తీసేయండి.

‘హెచ్’ చూస్తే ‘బి’ లా ఉంది

గారమండ్ సంప్రదాయంలోని కొన్ని ఇటాలిక్‌లలో ‘హెచ్’ కుడికాలు లోపలికి ముడుచుకుంటుంది. పెద్ద సైజులో ముచ్చటగా ఉంటుంది, ఫుట్‌నోట్లలో ‘బి’ అయి కూర్చుంటుంది. ఫాంటులో ప్రత్యామ్నాయ ‘హెచ్’ ఉందేమో గ్లిఫ్స్ ప్యానెల్‌లో (ఫాంటులోని అక్షరరూపాలన్నీ చూపే చోట) వెతకండి. లేకపోతే సైజు ఒక పాయింటు పెంచండి. అదీ కుదరకపోతే ఫుట్‌నోట్లకు వేరే ఇటాలిక్ చూసుకోవాల్సిందే.