పేస్‌మేకర్‌తో ప్రయాణం: రాయగడ నుంచి ఎటు వెళ్లినా

"అప్పా, రైలెక్కొచ్చా?" (అప్ప అంటే మా వైపు అక్క.) ఒడిశాలోని మా రాయగడలో కొత్తగా పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు నన్ను మొదట అడిగేది ఇదే. రైలు పైన కరెంటు తీగ పోతుంది కదా, గుండె దగ్గరున్న మెషీన్‌కి ఏమైనా అవుతుందేమోనని వాళ్ల టెన్షన్. నాది చీరల షాపు. సరుకు కోసం విశాఖకీ బరంపురానికీ తిరగకపోతే షట్టర్ దించుకోవాల్సిందే. మెషీన్ పెట్టించుకున్నాక కూడా నా తిరుగుడు ఆగలేదు, ఆపమని మా డాక్టరుగారూ అనలేదు. కాబట్టి ఎక్కొచ్చు. పై తీగలో 25,000 వోల్టులున్నా పెట్టెలో కూర్చున్నవాళ్లకి, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్లకి దానితో ఇబ్బంది లేదు.

మనవాళ్లు భయపడేది ఒకదానికి, జాగ్రత్త పడాల్సింది ఇంకోదానికి. ఎయిర్‌పోర్టు గేటు తలుచుకుని రాత్రంతా నిద్రపోని మనిషి, సెల్‌ఫోను మాత్రం తీసుకెళ్లి జాకెట్లో ఎడమవైపు, సరిగ్గా మెషీన్ మీదే దోపుకుంటుంది. ఆడవాళ్లం సెల్లూ పర్సూ అక్కడే పెట్టుకుంటాం, అలవాటు. మగవాళ్లది చొక్కా జేబు. ముందు మానాల్సింది అది. ఫోను మెషీన్‌కి జానెడు దూరంలో, అంటే కనీసం 15 సెంటీమీటర్లు ఎడంగా ఉండాలి. మెషీన్ ఎడమవైపుంటే కుడి చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడండి. మెడలో తాడుకి ఫోను వేలాడదీసుకోవడం కూడా వద్దు, అది ఊగి ఊగి ఛాతీ మీదికే వస్తుంది. వెనక అయస్కాంతం ఉండే కొత్తరకం ఫోన్లు, చెవిలో పెట్టుకునే బ్లూటూత్ ముక్కల డబ్బీలు కూడా అంతే. నేను ఫోనుని చేతిసంచిలో వేసి, సంచి కుడిచేతికి తగిలించుకుంటాను.

ఎందుకో తెలిస్తే మిగతావన్నీ మీకే అర్థమవుతాయి. మెషీన్ ఎప్పుడూ గుండెని వింటూ ఉంటుంది. గుండె తనంతట తాను కొట్టుకుంటే ఊరుకుంటుంది, ఆలస్యమైతే చిన్న కరెంటు దెబ్బతో గుర్తుచేస్తుంది. బళ్లో గంట కొట్టే ప్యూను మరిచిపోతే లేచి కొట్టే రెండో మనిషి అనుకోండి. బలమైన అయస్కాంతం మరీ దగ్గరికొస్తే మెషీన్ ఆ వినడం మానేసి, గుండె కొట్టుకుంటున్నా లేకపోయినా ఒకే స్పీడులో కొడుతూ పోతుంది. అయస్కాంతం పక్కకి తీయగానే మళ్లీ మామూలైపోతుంది. అంటే చూసుకోవాల్సినవి రెండే: ఎంత దగ్గర, ఎంతసేపు. గేట్లకీ స్పీకర్లకీ మోటార్లకీ అన్నింటికీ ఇదే లెక్క.

ఇక కాగితం. ఆపరేషన్ అయ్యాక ఇచ్చిన పేస్‌మేకర్ కార్డుని బీరువాలో బంగారంతోపాటు దాచేవాళ్లున్నారు. అది బీరువాలో ఉండాల్సిన వస్తువు కాదు. కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు, పెట్టిన తేదీ, గుండెలోకి వెళ్లిన తీగల వివరం అన్నీ అందులో ఉంటాయి. అసలు కార్డు పర్సులో పెట్టుకోండి, ఒక జిరాక్సు తోడొచ్చేవాళ్ల దగ్గర ఉంచండి, ఒక ఫొటో ఫోన్లో. జిరాక్సు వెనక మీ డాక్టరు నంబరు, ఇంట్లోవాళ్ల నంబరు, వాడే మందుల పేర్లు రాయండి. రక్తం పలచబడే మాత్ర వాడుతుంటే దాన్ని అన్నిటికంటే పైన రాయండి.

కంపెనీ పేరు ఎందుకంటే, మెషీన్‌ని చెక్ చేసే ప్రోగ్రామర్ అనే కంప్యూటర్ ఏ కంపెనీది ఆ కంపెనీకే పనిచేస్తుంది. మెడ్‌ట్రానిక్ మెషీన్‌ని అబాట్ వాళ్ల ప్రోగ్రామర్ చదవలేదు. పెద్ద ఆసుపత్రి కదా, ఏ మెషీన్‌నైనా చూసేస్తారనుకుంటే కుదరదు. కొత్త ఊరు వెళ్లేముందు మీ ఆసుపత్రికో, కంపెనీ హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేసి, ఆ ఊళ్లో మన కంపెనీ మెషీన్ చూసేవాళ్లు ఎక్కడున్నారో కనుక్కోండి. సరిహద్దులో ఉన్నాం కాబట్టి ఇంకో మాట. కూనేరు దగ్గర ఒడిశా పోయి ఆంధ్రా వచ్చేస్తుంది, ఇక్కడి ఆరోగ్య కార్డు అక్కడ నడుస్తుందో లేదో అవసరం పడినప్పుడు కాదు, బయల్దేరకముందే అడిగి తెలుసుకోవాలి.

ఆపరేషన్ అయిన కొత్తలో తొందర వద్దు. తీగలు గుండెలో కుదురుకునేదాకా, మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు, ఆ వైపు చెయ్యి భుజం పైకి ఎత్తొద్దంటారు, బరువు ఎత్తొద్దంటారు. అలాగని చెయ్యి కదపకుండా గుడ్డకట్టి ఉంచేస్తే భుజం పట్టేస్తుంది. అన్నం తినడం, జడ కింది భాగం అల్లుకోవడం వంటివి చేస్తూ ఉండొచ్చు. మాకు పై అర నుంచి చీరలు లాగడం, మూట కట్టడం రోజూ ఉండే పనులు, అవి మాత్రం షాపులో పిల్లలకి వదిలేయాలి. ప్రయాణంలో దీనికి సమానమైనది పై బెర్తు. కమ్మీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవడం ఆ రోజుల్లో అస్సలు పనికిరాదు. టికెట్ తీసేటప్పుడే కింది బెర్తు అడగండి. 45 ఏళ్లు దాటిన ఆడవాళ్లకి, 60 దాటిన మగవాళ్లకి ఖాళీ ఉంటే రైల్వేవాళ్లే అది కేటాయిస్తారు. దొరక్కపోతే కింది బెర్తులో కుర్రాడిని అడగండి, "బాబూ, గుండె ఆపరేషన్ అయింది" అంటే కాదనేవాడు నాకింకా తగల్లేదు.

దూర ప్రయాణానికి ముందు ఒకసారి మెషీన్ చెక్ చేయించుకుంటే మంచిది. బ్యాటరీ మామూలుగా ఎనిమిది, పదేళ్లు వస్తుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువ. అయిపోయేది కొన్ని నెలల ముందే చెకప్‌లో తెలిసిపోతుంది, దారి మధ్యలో టక్కున ఆగిపోయేది కాదు. "ఇంక ఎన్నాళ్లో" అని దిగులుపడేవాళ్లకి నేను ఆర్నే లార్సన్ కథ చెబుతాను. ఒంట్లో పెట్టే మొదటి పేస్‌మేకర్ 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ఆయనకే పెట్టారు. ఆ మొదటిది కొన్ని గంటలే పనిచేసింది. తర్వాత ఇరవైకి పైగా మెషీన్లు మార్చుకుంటూ ఆయన 2001 దాకా, 86 ఏళ్లు బతికారు. ఇప్పటి మెషీన్లు వాటితో పోల్చుకునేవి కావు.

గేట్ల సంగతికి వద్దాం. విశాఖ ఎయిర్‌పోర్టులో, హైదరాబాద్ మెట్రోలో, పెద్ద గుళ్ల దగ్గర, మాల్స్‌లో రెండు రకాల తనిఖీ ఉంటుంది. తలుపు చట్రంలా నిలబెట్టినదాంట్లోంచి మామూలు నడకతో దాటిపోవచ్చు. మెషీన్ పైతొడుగు లోహం కాబట్టి కూత పెట్టొచ్చు, పెట్టనీండి. ఆ చట్రానికి ఆనుకుని నిలబడొద్దు, లైను ఆగిపోతే దాని మధ్యలో కాకుండా ఇవతలే ఆగండి. ఎయిర్‌పోర్టుల్లో కొన్నిచోట్ల మనిషిని నిలబెట్టి ఒళ్లంతా స్కాన్ చేసే యంత్రం పెట్టారు, దానికీ భయం లేదు. సంచులు పంపే ఎక్స్‌రే బెల్టుతో మనకి సంబంధమే లేదు.

చూసుకోవాల్సింది చేతిలో పట్టుకుని ఒంటిమీద తిప్పే కర్రని. అది చురుగ్గా తిప్పేస్తే ఏమీ కాదు. కూత వచ్చిందని ఛాతీ దగ్గరే పట్టుకుని మళ్లీ మళ్లీ తిప్పుతారే, అది వద్దు. మన ఎయిర్‌పోర్టుల్లో గేటు దాటాక ఈ కర్ర అందరికీ తిప్పుతారు కాబట్టి తప్పించుకునేది లేదు, అందుకే మన వంతు రాకముందే చెప్పాలి. కూత వచ్చాక చెబితే అది సంజాయిషీలా వినిపిస్తుంది. ముందే చెబితే వాళ్ల పనీ తేలికవుతుంది. నేను కార్డు చేతిలో పైకి పట్టుకుని, నవ్వుతూ, నా ఛాతీలో పేస్‌మేకర్ ఉంది, చేత్తో చెక్ చేయండి అని గట్టిగా చెబుతాను. హిందీలో అయితే "మేడమ్, మేరే సీనే మే పేస్‌మేకర్ లగా హై, హాథ్ సే చెక్ కీజియే." భువనేశ్వర్, పూరీ వైపు అయితే ఒడియాలో "మో ఛాతిరే పేస్‌మేకర్ లాగిఛి, హాతరే చెక్ కరంతు." ఈ రెండూ బట్టీ పట్టేయండి. పూరీ గుడి లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు కాబట్టి అక్కడ ఫోన్లోని ఫొటో మీద ఆధారపడకుండా కార్డునే దగ్గర ఉంచుకోండి.

ఒకసారి ఒక మాల్‌లో సెక్యూరిటీ కుర్రాడు కర్ర నా మీదికి తెస్తుంటే ఒక అడుగు వెనక్కి వేసి చెప్పాను. వాడికి అర్థం కాలేదు.

"మెషీన్ ఏటి మామ్మా?" అన్నాడు.

"గుండె మెషీన్ బాబూ. నీ కర్ర దీని మీద ఆపకు, సంచి చూసుకో, చాలు."

"అయ్యబాబోయ్, పేలిపోద్దా?"

పేలదని చెప్పి పంపించేసరికి వెనక లైనంతా నవ్వులు. సిగ్గుపడాల్సిన పని లేదు. ఆడవాళ్లకి ఎయిర్‌పోర్టులో తెర చాటున ఆడ కానిస్టేబులే చూస్తుంది, కావాలంటే అక్కడ ఆపరేషన్ మచ్చ చూపించొచ్చు.

బట్టల షోరూముల్లో గుమ్మం పక్కన దొంగతనం పట్టే స్తంభాలుంటాయి. వాటి మధ్య నుంచి దాటిపోవచ్చు గానీ, అక్కడ నిలబడి బేరాలాడొద్దు. బేరానికి కూర్చోవడమే మర్యాద, వాళ్లు కుర్చీ వేస్తారు, టీ కూడా తెప్పిస్తారు.

కారు విషయంలో జనం అసలు ఆలోచించనిది సీటు బెల్టు. మన కార్లలో డ్రైవరు కుడివైపు. ముందు ఎడమ సీట్లో కూర్చుంటే బెల్టు ఎడమ భుజం మీదుగా దిగి, ఎడమవైపు మెషీన్ ఉన్నవాళ్లకి సరిగ్గా దాని మీదే ఒరుసుకుంటుంది. డ్రైవరు వెనక సీట్లో కూర్చోండి, బెల్టు కుడి భుజం మీదుగా వస్తుంది, బాధ ఉండదు. ముందే కూర్చోవాల్సి వస్తే మడతపెట్టిన చేతిరుమాలో, చిన్న తువ్వాలో బెల్టు కింద పెట్టుకోండి. నొప్పని బెల్టు మానేయొద్దు. గుణుపురం, పర్లాకిమిడి మీదుగా బరంపురం వెళ్లే రోడ్డులో మలుపులు తక్కువేమీ కాదు. భుజానికి తగిలించే సంచులకీ ఇదే సూత్రం: కుడిభుజం. ఆడవాళ్లకి లోపలి పట్టీ మచ్చ మీద ఒరుసుకుంటే కొన్నాళ్లు వెడల్పు పట్టీ ఉన్నవి వాడండి, నూలువైతే మేలు.

షేరాటోల్లో వెనక సీటు కింద, వీపు వెనక పెద్ద పెద్ద స్పీకర్లు బిగిస్తారు. స్పీకరు లోపలుండేది అయస్కాంతమే. ఛాతీని దానికి ఆనించకుండా అడుగు ఎడంగా కూర్చోండి. ట్రెక్కర్ జీపు దారిలో ఆగిపోయి డ్రైవరు బానెట్ ఎత్తితే, ఇంజిను నడుస్తుండగా దాని మీదికి వంగి చూడొద్దు. ఆ పని చూడటానికి ఎలాగూ పదిమంది ఉంటారు. రోడ్డు పక్కన వెల్డింగ్ జరుగుతుంటే దూరంగా దాటిపోండి. మజ్జిగౌరమ్మ జాతరకి వెళ్లొచ్చు, డీజే పెట్టెల పక్కన మాత్రం నిలబడొద్దు. బంధువుల ఇంట్లో ఇండక్షన్ స్టవ్ ఉంటే రెండడుగులు ఎడంగా ఉండాలి, మీరే వండాల్సి వస్తే గ్యాసు పొయ్యి అడగండి.

సంతల్లోనూ రైళ్లలోనూ బీపీకి, మోకాళ్లకి మంచిదని అయస్కాంతం గాజులు, బెల్టులు, పరుపులు అంటగట్టేవాళ్లుంటారు. మనకి అవి అసలు వద్దు. మర్యాదకి కూడా చేతికి తొడిగించుకోవద్దు.

నాడి చూసుకోవడం నేర్చుకోండి. మణికట్టు దగ్గర మూడు వేళ్లు పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. మెషీన్‌ని కనీసం ఎంతకి పెట్టారో డాక్టరుని అడిగి కార్డు వెనక రాసుకోండి. చాలామందికి నిమిషానికి 60, కొందరికి నిద్రలో ఇంకా తక్కువకి పెడతారు. కూర్చుని స్థిమితపడ్డాక రెండుసార్లు లెక్కపెట్టినా దానికంటే తక్కువే వస్తుంటే డాక్టరుకి ఫోన్ చేయండి. కళ్లు తిరగడం, తూలిపోవడం, కొత్తగా ఆయాసం, ఆగని ఎక్కిళ్లు, మచ్చ దగ్గర ఎరుపు, వాపు, చీము వస్తే ఇంటికెళ్లాక చూద్దాం అనుకోవద్దు. మందులు రెండు రోజులవి అదనంగా, చేతిసంచిలోనే పెట్టుకోండి.

ఏదైనా ఆసుపత్రిలో చేరితే స్కానింగుకి ముందే పేస్‌మేకర్ ఉందని చెప్పాలి. ఎంఆర్‌ఐ అన్ని మెషీన్లకీ పనికిరాదు. పనికొచ్చే రకమైనా ముందు సెట్టింగు మార్చాకే తీయాలి. ఎక్స్‌రేకీ, సీటీకీ వెళ్లేటప్పుడు కూడా కార్డు చూపిస్తే చాలు.

ఇదంతా మామూలు పేస్‌మేకర్‌కి. గుండె గతి తప్పితే షాక్ ఇచ్చే ఐసీడీ పెట్టించుకున్నవాళ్ల సంగతి వేరు. అయస్కాంతం దగ్గరుంటే అవసరమైనప్పుడు ఆ షాక్ రాకపోవచ్చు, డ్రైవింగ్ నియమాలూ వేరు. వాళ్లు నా మాట కాదు, తమ డాక్టరు మాటే పట్టుకోవాలి.

తోడొచ్చేవాళ్లకి ఈ కాస్తా చెప్పి ఉంచండి. రోడ్డు మీద అయితే 108, ఒడిశాలోనూ ఆంధ్రాలోనూ అదే నంబరు. రైల్లో అయితే 139కి ఫోన్ చేసి పెట్టె నంబరు, బెర్తు నంబరు చెబితే ముందు స్టేషన్‌లో వైద్య సాయం ఏర్పాటు చేస్తారు. మనిషి పడిపోయి స్పృహా ఊపిరీ లేకపోతే, లోపల మెషీన్ ఉందని జంకకుండా ఛాతీ మధ్యలో గట్టిగా నొక్కడం మొదలుపెట్టాలి. పేస్‌మేకర్ ఉన్న మనిషిని ముట్టుకుంటే షాక్ కొట్టదు.