వేడి రాళ్లలో పగుళ్లు – 4వ పాఠం: ఏ పగులు ముందు జారుతుంది?

భూమి లోపలి వేడిని నీటితో పైకి తెచ్చే భూతాప బోర్ల గురించే ఈ ధారావాహిక. గత పాఠంలో ఇచ్చిన లెక్కతో, అంటే లోతున రాతి ప్రతిబలం, నీటి పీడనం ఎంతెంత అన్న ప్రశ్నతో మొదలుపెడదాం. లోతు 3 కిలోమీటర్లు, గ్రానైట్ సాంద్రత ఘనపు మీటరుకు 2650 కిలోలు. పైనున్న రాతి బరువు వల్ల పుట్టే నిలువు ప్రతిబలం (ఒక్కో చదరపు మీటరు మీద పడే బలం) 2650 × 9.8 × 3000, అంటే దాదాపు 78 మెగాపాస్కల్స్. అదే లోతులో, పగుళ్లలో నిలిచి ఉన్న నీటి పీడనం దాదాపు 29. ఈ రెండూ సరిగ్గా వచ్చినవాళ్లు ముందుకు రావచ్చు. నీటి పీడనం కూడా 78 అని వచ్చిందంటే నీటి సాంద్రతకు బదులు రాతి సాంద్రత వేసేశారన్నమాట. వాళ్లు ఒకసారి 2వ పాఠం తిరగేయండి. వేడెక్కిన నీరు తేలికవుతుంది కాబట్టి అసలైన రిజర్వాయర్‌లో, అంటే లోతున నీరు తిరిగే వేడి రాతిలో, ఈ పీడనం 29 కన్నా కొంచెం తక్కువే ఉండొచ్చు. నేర్చుకోవడానికి మనకు 29 చాలు.

ఈసారి మన పని ఒక్కటే. ఒక పగులు తీసుకుని, బోరులోకి నీళ్లు పంపు చేస్తే అది ఎంత పీడనం దగ్గర జారుతుందో కనుక్కోవాలి. ఈ ధారావాహికలో అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం ఇదేనని నా నమ్మకం. అందుకే కాగితం, కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని చదవండి.

అసలు పగులు జారితే మనకేం లాభం? లోతున ఉన్న గ్రానైట్‌లో వేడి పుష్కలంగా ఉంటుంది కానీ, ఆ రాయి తనంతట తాను నీటిని పోనివ్వదు. నీరు తిరగాలంటే పగుళ్లే దారి. 1970లలో అమెరికాలో, న్యూ మెక్సికోలోని ఫెంటన్ హిల్ దగ్గర లాస్ అలమోస్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఇలాంటి వేడి పొడి రాతి మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. ఎక్కువ పీడనంతో కొత్త పగులు చీల్చి రెండు బోర్లను కలపాలన్నది వాళ్ల ఆలోచన. రెండో దశకు వచ్చేసరికి రాయి వేరే దారి పట్టింది. నీటి ఒత్తిడికి అందులో ముందు నుంచీ ఉన్న పగుళ్లే కదిలాయి, అదీ అనుకోని దిశలో. చివరికి చిన్న చిన్న కంపనాలు ఎక్కడెక్కడ పుట్టాయో చూసుకుని, ఒక బోరును ఆ కంపనాల గుంపు గుండా పోయేలా మళ్లీ తవ్వాల్సి వచ్చింది. భూతాప రంగంలో పనిచేసేవాళ్లు ఎవరూ మరిచిపోకూడని అనుభవం అది.

పగులుకు రెండు ముఖాలుంటాయి, రెండూ గరుకే. అవి కొంచెం పక్కకు జరిగితే ఎత్తుపల్లాలు ఇక ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చోవు. పీడనం తగ్గించాక కూడా మధ్యలో సందు మిగిలిపోతుంది. పగులులో పారే నీరు సందు వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, సందు రెట్టింపైతే ప్రవాహం ఎనిమిది రెట్లు. అందుకే కొద్దిపాటి జారుడు కూడా ఇక్కడ ఎంతో విలువైనది.

ఇక పగులును చదవడం నేర్చుకుందాం. బోరులోకి దించిన ఇమేజ్ లాగ్ పరికరం గోడను చుట్టూ స్కాన్ చేసి, ఆ గోడను చదునుగా పరిచిన బొమ్మగా చూపిస్తుంది. ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి, కత్తెరతో ఏటవాలుగా కోసి విప్పి చూడండి. కోసిన అంచు అలలా కనిపిస్తుంది. వాలుగా ఉన్న పగులు ఇమేజ్ లాగ్‌లో సరిగ్గా అలాగే, ఒక సైన్ తరంగంలా పడుతుంది. అల అట్టడుగు బిందువు ఏ దిక్కున ఉందో పగులు ఆ దిక్కుకు వాలి ఉందని అర్థం. అల మొత్తం ఎత్తును బోరు వ్యాసంతో భాగిస్తే వాలు కోణం (అడ్డ మట్టం నుంచి కొలిచేది) టాంజెంట్ వస్తుంది. బోరు వ్యాసం 21.6 సెంటీమీటర్లు, అల ఎత్తు 37.4 సెంటీమీటర్లు అనుకోండి. భాగహారం 1.73, కోణం 60 డిగ్రీలు. ఇదంతా నిట్టనిలువు బోరుకే వర్తిస్తుంది. బోరే వంగి ఉంటే ముందు ఆ వంపును సరిచేసుకోవాలి.

అదే బొమ్మలో ఇంకో రెండు గుర్తులు దొరుకుతాయి, వీటిని పగుళ్లతో కలిపేయకండి. ఒకటి, ఎదురెదురు గోడల మీద నల్లగా, వెడల్పుగా కనిపించే పట్టీలు. బోరు గోడ పెచ్చులూడిన చోట్లవి, వీటిని బ్రేకౌట్లు అంటారు. ఇవి అతి తక్కువ అడ్డ ప్రతిబలం ఉన్న దిశలో ఏర్పడతాయి, ఎందుకంటే గోడ చుట్టూ తిరిగే నొక్కుడు అక్కడే అత్యధికం. రెండోది, వాటికి 90 డిగ్రీల దూరంలో నిలువుగా సాగే సన్నటి చీలికల జత. డ్రిల్లింగ్ వల్ల పుట్టిన ఈ చీలికలు అత్యధిక అడ్డ ప్రతిబలం దిశను చూపిస్తాయి. అంటే దిశలన్నీ గోడ మీదే రాసి ఉన్నాయి. పరిమాణాలు మాత్రం వేరేగా కొలవాలి.

మన ఉదాహరణకు వద్దాం. నిలువు ప్రతిబలం 78. బోరులో చిన్న పరీక్ష చేసి, అంటే కొద్ది నీటితో గోడను చీల్చి, పంపు ఆపాక ఆ చీలిక ఏ పీడనం దగ్గర మూసుకుపోతుందో చూసి, అతి తక్కువ అడ్డ ప్రతిబలం 50 అని తేల్చారనుకుందాం. ఇంకో అడ్డ ప్రతిబలం ఈ రెంటికీ మధ్యలో ఉంది. మన పగులు వాలు 60 డిగ్రీలు, అది ఆ మధ్య ప్రతిబలం దిశ వెంటే బారుగా సాగుతోంది. అందువల్ల ఈ పాఠంలో మధ్య ప్రతిబలాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. మూడూ కలిసే లెక్క వచ్చే పాఠంలో.

పగులు మీద రెండు రకాల ప్రతిబలాలు పనిచేస్తాయి. ముఖాలను ఒకదానికొకటి అదిమేది నార్మల్, పక్కకు తోసేది షియర్.

నార్మల్ = 78 × కాస్² 60 + 50 × సైన్² 60 = 19.5 + 37.5 = 57
షియర్ = (78 − 50) × సైన్ 60 × కాస్ 60 = 12.1

పగులులోని నీరు లోపలి నుంచి ముఖాలను విడదీయాలని చూస్తుంది. కాబట్టి ముఖాలు నిజంగా అనుభవించే నార్మల్ 57 − 29 = 28. ఈ నీరు షియర్‌ను ఏమీ చేయలేదు, అది 12.1 గానే ఉంటుంది. మొత్తం విషయం ఈ తేడాలోనే ఉంది.

షియర్ నార్మల్‌లో ఎంత వంతుకు చేరితే పగులు జారుతుందో చెప్పే సంఖ్యే ఘర్షణ గుణకం. 1978లో భూభౌతిక శాస్త్రవేత్త జేమ్స్ బైయర్లీ రకరకాల రాళ్ల మీద జరిగిన పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి, చాలా రాళ్ల ఘర్షణ గుణకం 0.6 నుంచి 0.85 మధ్య ఉంటుందని చూపించారు. బంకమట్టి ఖనిజాలు నిండిన పగుళ్లు మాత్రం అంతకన్నా తేలికగా జారతాయి. మనం 0.6 తీసుకుందాం. ప్రస్తుతం షియర్‌ను నార్మల్‌తో భాగిస్తే 12.1 ÷ 28, అంటే 0.43. ఇంకా జారదు. జారాలంటే నార్మల్ 12.1 ÷ 0.6, అంటే 20.2కి దిగాలి. అప్పుడు నీటి పీడనం 57 − 20.2 = 36.8 ఉండాలి. ఇప్పుడున్న 29కి దాదాపు 8 మెగాపాస్కల్స్ అదనం.

ఈ 8ని 21తో పోల్చండి. రాయిలో కొత్త చీలిక తెరవాలంటే నీటి పీడనం కనీసం 50 దాటాలి, అంటే 21 అదనం. పాత పగులు అంతకన్నా ఎంతో ముందే జారిపోతుంది.

ఇక్కడ చాలామంది పడే చిక్కు ఒకటుంది. షియర్ 45 డిగ్రీల వాలు దగ్గర అత్యధికం, కాబట్టి ఆ పగులే ముందు జారుతుందని అనుకుంటారు. వేసి చూద్దాం. 45 డిగ్రీల దగ్గర షియర్ 14, నార్మల్ 64. జారడానికి నార్మల్ 23.3కి దిగాలి, అంటే నీటి పీడనం 40.7కి చేరాలి. అదనం 11.7. తోపు ఎక్కువే కానీ అదుము ఇంకా ఎక్కువ. 30 డిగ్రీల పగులుకు అదనం 21.8 కావాలి. అది జారేలోపే రాయి చీలిపోతుంది. పూర్తి నిలువు పగులు మీద షియర్ సున్నా, అది జారే మాటే లేదు. గెలిచేది తోపుకూ అదుముకూ ఉన్న నిష్పత్తి.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలుచుకున్న విషయం. పరీక్ష చేయకుండా, రాతి సాగుడు గుణాల నుంచి సూత్రంతో అతి తక్కువ ప్రతిబలాన్ని రాబట్టే అలవాటు ఒకటుంది. పాయిజాన్ నిష్పత్తి (ఒకవైపు నొక్కితే రాయి పక్కలకు ఎంత ఉబ్బుతుందో చెప్పే సంఖ్య) 0.25 అనుకుంటే నీటి పీడనం తీసేసిన నిలువు ప్రతిబలం 49లో మూడో వంతు, దానికి 29 కలిపితే 45.3 వస్తుంది. 50కీ 45.3కీ పెద్ద తేడా లేదనిపిస్తుంది. ఆ 45.3తో మన 60 డిగ్రీల పగులు లెక్క మళ్లీ వేయండి. నార్మల్ 53.5, షియర్ 14.2, జారే పీడనం 29.9. అదనం 0.9 మాత్రమే! ఎనిమిది అనుకున్నది ఒకటి లోపు పడిపోయింది. ఇదే పొరపాటు ఎదురు దిశలో జరిగితే, ఎంతో భద్రంగా ఉందనుకున్న పగులు పంపు ఆన్ చేయగానే కదిలిపోతుంది. ఖర్చైనా, ఆలస్యమైనా సరే, ఆ చిన్న పరీక్ష చేయించాల్సిందే. ఈ విషయంలో నేను రాజీ పడను.

దీని వెనుక మనుషుల ఇళ్లున్నాయి. 2006 డిసెంబరు 8న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం కింద నీళ్లు పంపడం ఆపిన కొన్ని గంటలకు 3.4 తీవ్రతతో భూమి కంపించింది. 2009లో ఆ ప్రాజెక్టు పూర్తిగా ఆగిపోయింది. 2017 నవంబరు 15న దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 5.5 తీవ్రతతో భూకంపం వచ్చింది, జనం గాయపడ్డారు. భూతాప బోర్లలోకి పంపిన నీరే దాన్ని ప్రేరేపించిందని ప్రభుత్వం నియమించిన పరిశోధన బృందం 2019లో తేల్చింది. పంపు ఆపినంత మాత్రాన ప్రమాదం ఆగదు. బోరు దగ్గర పీడనం దిగుతున్నా, దూరపు పగుళ్లలోకి అది ఇంకా పాకుతూనే ఉంటుంది.

చల్లటి నీరు రాతిని చల్లార్చి కుదిస్తుంది, దాంతో నార్మల్ ఇంకా తగ్గుతుంది. నెలల తరబడి నడిచే ప్లాంటులో ఇది పెద్ద లెక్కే, దానికి 7వ పాఠం కేటాయించాను.

ఈ వారం అభ్యాసం. బోరు వ్యాసం అదే 21.6 సెంటీమీటర్లు, అల ఎత్తు 80.6 సెంటీమీటర్లు. ప్రతిబలాలు 78, 50, నీటి పీడనం 29, పగులు బారు దిశ కూడా అదే. ఆ పగులు వాలు ఎంత? ఘర్షణ 0.6 అయితే ఎంత అదనపు పీడనానికి జారుతుంది? 0.85 అయితే? రెండో జవాబును రాయి చీలిపోయే పీడనంతో కూడా పోల్చి చూసుకోండి. జవాబులు 5వ పాఠం మొదట్లో ఉంటాయి.