గొంతు క్లోనింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: శాంపిల్, గైడ్ ట్రాక్

కిందటి పాఠంలో ఆర్‌వీసీ, అంటే ఒకరి మాటను మరొకరి గొంతులోకి మార్చే సాఫ్ట్‌వేర్, ఇన్‌స్టాల్ చేసుకున్నాం. ఈసారి దానికి ఒక నటుడి గొంతు ఎలా నేర్పాలో చూద్దాం.

నటుడు సంతకం పెట్టిన ఒప్పంద పత్రం చేతికి రానిదే శాంపిల్ ముట్టుకోకండి. మొదటి పాఠంలోనే చెప్పాను, అయినా మళ్లీ చెబుతున్నాను. 2024లో దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను ఒక తమిళ పాటలో వినిపించినప్పుడు, వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకుని తగిన పారితోషికం ఇచ్చామని రెహమాన్ గారు ప్రకటించారు. అదే ఏడాది, బాలుగారి గొంతును ఒక తెలుగు సినిమాలో అడక్కుండా వాడారంటూ ఆయన కుమారుడు ఎస్పీ చరణ్ లీగల్ నోటీసు పంపిన సంగతి బయటికొచ్చింది. గొంతు ఆ మనిషి కష్టార్జితం. ఒప్పందం లేనివాళ్లు ప్రాక్టీసుకు సొంత గొంతే వాడుకోండి.

ఇక శాంపిల్. కనీసం పది నిమిషాల శుభ్రమైన మాట ఉండాలని ఆర్‌వీసీ తయారుచేసినవాళ్లే సూచించారు. గంటసేపు పాత సినిమా డైలాగులు కత్తిరించి పోసేకంటే ఆ పది నిమిషాలు ఎంతో మేలు. సినిమా ట్రాక్‌లో మాట వెనక రీరికార్డింగ్ ఉంటుంది. అల్టిమేట్ వోకల్ రిమూవర్‌తో సంగీతం తీసేసినా గది మోత మిగిలిపోతుంది. మోడల్, అంటే శాంపిల్ విని గొంతు నేర్చుకునే ప్రోగ్రామ్, దాన్ని కూడా గొంతులో భాగమే అనుకుంటుంది. నటుణ్ని బూత్‌లో కూర్చోబెట్టి కొత్తగా రికార్డ్ చేయడమే మంచి పద్ధతి. చెన్నైలో వడపళని, సాలిగ్రామం ఇళ్లలో సెటప్ పెట్టుకున్నవాళ్లు ఏసీ, ఫ్యాన్, ఫ్రిజ్ అన్నీ ఆపండి. కరెంటు హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే సన్నని మోత, 50 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. మగగొంతుకైనా ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో హైపాస్ ఫిల్టర్ (కింది శబ్దాలను కోసేది) 80 హెర్ట్జ్ దగ్గర పెడితే చాలావరకు తగ్గుతుంది. నాయిస్ రిడక్షన్ మాత్రం గట్టిగా వేయకండి, శ, ష, స మూడూ నలిగిపోతాయి. ఊపిరి తీసుకునే చప్పుడు ఉండనివ్వండి.

పది నిమిషాలూ వార్తలు చదివినట్టు చదివించొద్దు. కోపం, బతిమాలడం, గుసగుస, నవ్వు అన్నీ రావాలి. మోడల్ ఎప్పుడూ వినని అరుపు మనం అరిపిస్తే గొంతు రేకు డబ్బాలా మోగుతుంది.

ట్రైనింగ్‌కు పెద్ద టెన్షన్ అక్కర్లేదు. శాంపిల్ శుభ్రంగా, నిడివిగా ఉంటే 200 ఇపాక్‌ల వరకు వెళ్లొచ్చు (మోడల్ శాంపిల్ మొత్తాన్ని ఒకసారి చదివితే ఒక ఇపాక్). బాగా లేకపోతే 20, 30 దగ్గరే ఆపేయండి, అంతకు మించి తిప్పినా లాభం లేదు.

మీ సమయమంతా పెట్టాల్సింది గైడ్ ట్రాక్ మీద, అంటే వేరొకరు ముందుగా చెప్పిన డైలాగు మీద; దాన్నే ఆర్‌వీసీ నటుడి గొంతులోకి మారుస్తుంది. ఆర్‌వీసీ మార్చేది గొంతు రంగునే. నటన, యాస, విరుపు, ఒత్తు అన్నీ గైడ్ చెప్పినవాళ్లవే. బాలుగారు ఎన్నో సినిమాల్లో కమల్ హాసన్‌కు తెలుగు చెప్పారు. ఇద్దరి గొంతులూ ఒకటి కాదు, అయినా జనం నమ్మారు. ఆ నమ్మించే పని ఏ సాఫ్ట్‌వేరూ చేయదు.

చెన్నైలో అందుబాటులో ఉన్న తమిళ ఆర్టిస్టుతో గైడ్ చెప్పించేద్దాం అనిపిస్తుంది. తమిళ లిపిలో ద, ధ లకు వేర్వేరు అక్షరాలు లేవు, బ, భ లకూ లేవు. ఈ మాట చెప్పించి చూడండి: "భయపడకు. ధనం పోతే పోయింది, ప్రాణం ఉంది కదా!" భయం బయం అయితే, క్లోన్‌లో కూడా బయమే వస్తుంది. ప్రేక్షకుడు నటుణ్ని తప్పుపడతాడు. "పోయింది" తర్వాత చిన్న ఆగుడు ఉండాలి, "ప్రాణం" దగ్గర ణ కోసం నాలుక మడత పడాలి. తెలుగు బాగా పలికే డబ్బింగ్ ఆర్టిస్టునే పిలవండి. గైడే కదా అని తక్కువ ఇవ్వకుండా పూర్తి డబ్బింగ్ రేటు ఇవ్వండి, టైటిల్స్‌లో పేరు వేయించండి. తెరమీద వినిపించే నటనలో సగం వాళ్లది.

పిచ్ సంగతి. మగ గైడ్‌ను ఆడగొంతుకు మారుస్తుంటే పాటకు 12 సెమీటోన్లు, అంటే ఒక స్థాయి పైకి పెట్టాలి, లేకపోతే శ్రుతి మారిపోతుంది. మాటకు ఆ పట్టింపు లేదు. 8తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ, సహజంగా వినిపించిన చోట ఆపండి.

హోంవర్క్: పై డైలాగునే కోపంగా ఒకసారి, ఓదార్పుగా ఒకసారి మీ గొంతుతో చెప్పి రికార్డ్ చేయండి. రెండూ విడివిడి వేవ్ ఫైళ్లుగా దాచుకోండి. 5వ పాఠంలో వాటిని పెదవుల కదలికకు కూర్చుదాం.