బొమ్మల పుస్తకం చేద్దాం – 3: పేజీ తిప్పితే సముద్రం

పోయిన పాఠంలో ఎనిమిది ఏ4 కాగితాలు సగానికి మడిచి, నడుమ దారంతో కుట్టి 32 పేజీల డమ్మీ, అంటే నమూనా పుస్తకం, చేసుకున్నాం. దాన్ని ముందేసుకోండి. పెన్సిలు చాలు, రంగులు ఇప్పుడే వద్దు.

మన కథలో పాపది దేవరకొండ పక్క పల్లె. నీళ్లంటే ఆమెకు ఊరచెరువు, మరీ పెద్ద నీళ్లంటే నాగార్జునసాగర్. పేరులో సాగరం ఉన్నా అది కృష్ణమ్మకు కట్టిన ఆనకట్ట, ఎంత నిండినా అవతల కొండలు కనిపిస్తాయి. అందుకే బాపట్ల దగ్గర సూర్యలంకలో బస్సు దిగగానే పాప అలల సంగతి అడగదు. "తాతా, ఆవలి ఒడ్డు ఏడున్నది?" అంటుంది.

ఈ ప్రశ్న ఏ పేజీలో రాయాలన్నదే ఈ పాఠం. తెలుగు పుస్తకంలో కుడివైపువి బేసి పేజీలు, ఎడమవైపువి సరి పేజీలు. పిల్లలు పట్టుకుని తిప్పేది కుడి పేజీ అంచును. కాబట్టి ప్రశ్న 9వ పేజీ అడుగున రాయండి. 10, 11 పేజీలు కలిపి ఒకే బొమ్మ: అడ్డంగా ఒక గీత, పైన ఆకాశం, కింద నీళ్లు, ఒక మూలన వీపులు మాత్రం కనిపించే తాతా మనవరాలు. అక్షరం ముక్క వద్దు. తాత చేత "సముద్రానికి ఆవలి ఒడ్డు కనపడదు బిడ్డా" అనిపించాలని చెయ్యి లాగుతుంది. ఆపుకోండి. ఆ సంగతి చదివే బిడ్డ తానే కనిపెట్టాలి.

పేజీ తిప్పించే రెండో ప్రశ్న శంఖం గురించి. పొలం గట్ల బొరియల్లో ఎండ్రకాయలను పాప ఎన్నో చూసింది, శంఖాన్ని మోసుకు తిరిగేదాన్ని మాత్రం ఎరగదు. ఈ పీతకు కడుపు భాగం మెత్తన, పైన గట్టి పెంకు ఉండదు. అందుకే చచ్చిన నత్త వదిలిన శంఖంలో దూరుతుంది, ఒళ్లు పెరిగితే ఇంకో పెద్దదానికి మారుతుంది. 17వ పేజీలో పాప అరచేతిలో శంఖం, కింద "ఖాళీదేనా?" 18లో రెండు గోళ్లు, నడిచే నాలుగు కాళ్లు మాత్రమే బయటికి వెయ్యండి. మిగిలిన చిన్న కాళ్లు లోపలే ఉంటాయి. గోళ్లతో కలిపి పది కాళ్లూ బయట వేస్తే అది మామూలు ఎండ్రకాయ అయిపోతుంది, పల్లె పిల్లలు ఇట్టే పట్టేస్తారు. 20లో పాప దాన్ని తడి ఇసుక మీద వదిలేస్తున్న బొమ్మ. అక్కడ నీతివాక్యం రాయకండి.

ఈ వారం డమ్మీని ఇంట్లోనో అంగన్‌వాడీలోనో ఒక్క బిడ్డకు చదివి వినిపించండి. 9, 17 పేజీల దగ్గర ఊరుకోండి. బిడ్డ చెయ్యి దానంతటదే పేజీ అంచుకు పోయిందా, రాసుకోండి. పోకపోతే ప్రశ్న మార్చి మళ్లీ చదవండి.