పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను కమాండ్‌లతో నడిపే టూల్) తెరిచే ముందు జాగ్రత్తలు

- హోస్టు (సర్వర్ చిరునామా), పోర్టు, యూజర్, డేటాబేస్ నాలుగూ మీరే రాయండి. డేటాబేస్ పేరు వదిలేస్తే పీఎస్‌క్యూఎల్ యూజర్ పేరునే డేటాబేస్ పేరుగా తీసుకుంటుంది. పోర్టు మామూలుగా 5432.

- పాస్‌వర్డ్‌ను కమాండ్‌లో ఇరికించకండి, షెల్ హిస్టరీలో అలాగే మిగిలిపోతుంది. హోమ్ డైరెక్టరీలో పాస్‌వర్డ్‌లు రాసిపెట్టుకునే పీజీపాస్ ఫైలు ఉన్నది అందుకే. లైనక్స్‌లో దాని అనుమతులు 0600 ఉండాలి, అంటే ఫైలు యజమాని తప్ప ఇంకెవరూ చదవలేకూడదు, రాయలేకూడదు. అంతకన్నా వదులుగా ఉంటే పీఎస్‌క్యూఎల్ ఒక హెచ్చరిక ఇచ్చి ఆ ఫైలును పక్కన పెట్టేస్తుంది. మళ్లీ పాస్‌వర్డ్ ఎందుకు అడుగుతోందో తెలియక నేను గంటసేపు తల పట్టుకున్నది ఇక్కడే.

- లోపలికి వెళ్లగానే బ్యాక్‌స్లాష్ పెట్టి కాన్‌ఇన్ఫో కొట్టండి. ఏ సర్వర్‌లో, ఏ యూజర్‌గా ఉన్నారో చెబుతుంది. ఒకసారి పరీక్ష సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లో డిలీట్ టైపు చేసేశాను. ఎంటర్ కొట్టే ముందు ఎందుకో అనుమానం వచ్చింది కాబట్టి సరిపోయింది.

- ఆటోకమిట్ మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది, అంటే ప్రతి కమాండ్ మార్పు వెంటనే ఖాయమైపోతుంది. డిలీట్‌కో అప్‌డేట్‌కో ముందు బిగిన్ రాయండి, ఎన్ని వరుసలు మారాయో చూడండి. లెక్క తేడాగా ఉంటే రోల్‌బ్యాక్ కొట్టి మార్పు వెనక్కి తీసుకోండి.

- కాన్ఫిగరేషన్ ఫైలు ముట్టుకునే ముందు నకలు తీసుకోండి. పోర్టు, షేర్డ్ బఫర్స్ (సర్వర్ డేటా కోసం వాడుకునే మెమరీ) వంటివి మారిస్తే రీలోడ్ చాలదు, సర్వర్‌ను రీస్టార్ట్ చేయాలి.